ఏటా గ్యాస్ నింపించాల్సి వస్తోందంటే ఏసీలో ఎక్కడో కన్నం ఉంది

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. విజయవాడలో పై అంతస్తు ఇల్లు, పడకగది మీద నేరుగా స్లాబు. ఒకటిన్నర టన్నుల మామూలు స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ రకం కాదు, కొని ఆరేళ్లయింది. ఔట్‌డోర్ యూనిట్ డాబా మీద పిట్టగోడ పక్కన ఉంది. కిందటి వేసవిలో గ్యాస్ అయిపోయిందంటే నింపించారు. ఈ వేసవిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గాలి వస్తోంది తప్ప చల్లదనం లేదు. రాత్రి తొమ్మిది దాటాక మళ్లీ బాగానే చల్లబరుస్తోంది. తెల్లవారేసరికి ఇండోర్ యూనిట్ కింద గోడ తడుస్తోంది. వచ్చిన మెకానిక్ గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టకుండానే గ్యాస్ అయిపోయిందన్నారు. మళ్లీ నింపించాలా, అమ్మేసి కొత్తది కొనాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడప్పుడే రెండూ వద్దు. ఏసీల మరమ్మతులో చాలాకాలంగా ఉన్నాను. వేసవి వచ్చిందంటే జనం డబ్బు అనవసరంగా పోయేది అన్నిటికన్నా ఎక్కువగా ‘గ్యాస్ అయిపోయింది’ అనే ఈ ఒక్క మాట దగ్గరే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏసీలో గ్యాస్ మండి అయిపోయేది కాదు, వాడేకొద్దీ అరిగిపోయేదీ కాదు. మూసి ఉన్న గొట్టాల్లో కంప్రెసర్ తోస్తుంటే లోపలి కాయిల్‌లో ఆవిరై గది వేడిని పీల్చుకుంటుంది, బయటి కాయిల్‌లో ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది. ఎన్నేళ్లు తిరిగినా అదే గ్యాస్. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. కారిన చోటు వెతకకుండా నింపడం పంక్చర్ వేయకుండా ట్యూబుకు గాలి కొట్టించడం వంటిదే. కిందటేడు మీ ఇంట్లో లీకు వెతికారా, గొట్టాల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగారా, గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించారా అన్నది గుర్తు చేసుకోండి. ఈ మూడూ జరగకపోతే అప్పుడు నిజంగా గ్యాస్ తక్కువైందో లేదో కూడా మనకు తెలియదు.

మీ వివరాల్లో నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటి ఉంది: రాత్రి బాగా పనిచేస్తోంది. గ్యాస్ బాగా తగ్గిన ఏసీ రాత్రి కూడా నీరసంగానే ఉంటుంది. మధ్యాహ్నం పూర్తిగా చేతులెత్తేసి, ఎండ తగ్గాక కోలుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది డాబా మీదున్న ఔట్‌డోర్ యూనిట్‌ను. అది వేడిని బయటికి వదలలేక, కంప్రెసర్ బాగా కాగి, దానికి ఉండే ఓవర్‌లోడ్ రక్షణ కరెంటును ఆపేస్తోంది. అలా ఒకసారి ఆగిన కంప్రెసర్ చల్లారడానికి అరగంట పట్టవచ్చు, మండుటెండలో గంటకు పైగానే పట్టవచ్చు. ఆ సేపంతా లోపలి బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మీకు గాలి వస్తుంది, చల్లదనం రాదు.

ఇది నిర్ధారించుకోవడం సులువు. రేపు మధ్యాహ్నం చల్లదనం ఆగిన వెంటనే డాబా మీదికి వెళ్లి ఔట్‌డోర్ ఫ్యాను ముందు చేయి పెట్టండి. కంప్రెసర్ ఆడుతుంటే అక్కడి గాలి బయటి గాలికన్నా స్పష్టంగా వేడిగా తగులుతుంది, పెట్టెలోంచి సన్నని అదురు కూడా తెలుస్తుంది. ఫ్యాను తిరుగుతున్నా గాలి బయటి గాలిలాగే ఉంటే కంప్రెసర్ ఆగిపోయి ఉన్నట్టే. ఆడాలని ప్రయత్నిస్తూ కొన్ని క్షణాలు ‘గుంయ్’మని మూలిగి, ‘టిక్’మని ఆగిపోతుంటే అది మరో సంగతి, దాని గురించి తర్వాత చెబుతాను.

కంప్రెసర్ కాగిపోవడానికి మొదటి కారణం మురికి. ఔట్‌డోర్ యూనిట్ వెనుక, ఒక పక్కన సన్నని అల్యూమినియం రేకులు వరుసగా ఉంటాయి. వాటి మధ్యనుంచి గాలి పోతేనే వేడి పోతుంది. డాబా మీద దుమ్ము, ఎండుటాకులు, పావురాల ఈకలు, రెట్టలు అక్కడే పేరుకుంటాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలోనైతే యూనిట్ వెనుక గూళ్లు కట్టి గుడ్లు పెట్టిన పావురాలను చూడని మెకానిక్ ఉండడు. ఇంట్లోనో పక్క ఇంట్లోనో గోడలకు పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దించారా? ఆ తెల్లటి పొడి రేకుల మధ్య పట్టి, తేమకు గట్టిపడిందంటే మామూలు దుమ్ములా దులిపితే పోదు. ఇంట్లో పుట్టీ పని జరుగుతున్నంతసేపూ ఏసీ వేయకండి, రెండు యూనిట్లనూ కప్పి ఉంచండి.

కడగడం మీరే చేయవచ్చు. ముందు ఏసీ ఎంసీబీ (బోర్డులో కరెంటును ఆపే స్విచ్చు) దింపండి. రిమోట్‌తో ఆపితే చాలదు. మెత్తటి బ్రష్‌తో రేకులు నిలువుగా ఉన్న దిశలోనే పైనుంచి కిందికి దులపండి; అడ్డంగా రుద్దితే రేకులు వంగి దారి మూసుకుపోతుంది. తర్వాత మొక్కలకు నీళ్లు పట్టే గొట్టంతో మామూలు ధారగా కొట్టండి. కార్లు కడిగే యంత్రం ధార దగ్గరినుంచి పడితే రేకులు పడుకుంటాయి. వైర్లు వచ్చి చేరే వైపు మూత మీద నీళ్లు పడనివ్వకండి. పై మూత విప్పి లోపలినుంచి బయటికి కడిగితే మురికి బాగా వెళుతుంది గాని, ఆ పని మెకానిక్‌కు వదిలేయండి. మూత కింద కెపాసిటర్ ఉంటుంది. కరెంటు తీసేసినా అందులో విద్యుత్తు నిలవ ఉండి గట్టిగా కొట్టగలదు.

రెండో కారణం యూనిట్ ఉన్న చోటు. పిట్టగోడ పక్కన అన్నారు. ఫ్యాను గోడకేసి చూస్తోందా, ఖాళీ వైపు చూస్తోందా? గోడకేసి చూస్తుంటే వదిలిన వేడి గాలే గోడకు కొట్టుకుని తిరిగి వెనుకనుంచి లోపలికి వస్తుంది. మన మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ తిరుగు గాలి ఇంకెంత వేడిగా ఉంటుందో ఊహించండి. ఏసీల శక్తిని కొలిచే ప్రామాణిక పరీక్ష బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర జరుగుతుంది. అంటే ఒకటిన్నర టన్నులు, సుమారు 18,000 బీటీయూ (గంటకు తీసే వేడి కొలత) అని పెట్టె మీద రాసింది ఆ ఎండకు సంబంధించిన లెక్క. పల్నాడులోని రెంటచింతలలోనో, రామగుండంలోనో రోహిణి కార్తె మధ్యాహ్నం అదే యంత్రం అంత ఇవ్వలేదు. దానికి తోడు గాలి తిరగని చోట బిగిస్తే చెప్పేదేముంది? ఫ్యాను ముందు కనీసం మూడడుగుల ఖాళీ, వెనుక అర అడుగుకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. ఎండ పడకుండా పైన షీటు వేయించాలంటే యూనిట్‌కు రెండడుగుల ఎత్తున, నాలుగు వైపులా తెరిచి ఉంచి వేయించండి. నీడ కోసమని గోనెపట్టాలు కప్పడం, ఇనుప రేకుతో పెట్టెలా కట్టించడం మేలుకన్నా చెరుపే చేస్తాయి. అపార్టుమెంట్లలో బాత్రూమ్ పైపులు దిగే ఇరుకు సందులో ఒకదాని మీద ఒకటిగా అయిదారు యూనిట్లు బిగిస్తారు. కింది ఇళ్ల వేడి పై ఇంటి యూనిట్ పీలుస్తుంది. అక్కడ గ్యాస్ ఎన్నిసార్లు నింపినా ఫలితం ఉండదు, చోటు మార్చాల్సిందే.

ఇక ఆ మూలుగు సంగతి. కంప్రెసర్ మొదలు కావాలంటే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. ఆ తోపుకు సాయపడేది రన్నింగ్ కెపాసిటర్. ఏళ్ల వేడికి అది క్రమంగా బలహీనపడుతుంది. దాని మీద 45 మైక్రోఫారడ్లు అని రాసి ఉంటే మీటరులో ఇంచుమించు 43 నుంచి 47 మధ్య రావాలి. 38 చూపిస్తోందంటే రాత్రి చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, మధ్యాహ్నం మొరాయిస్తుంది. పైభాగం ఉబ్బినా, నూనె కారినా కొలవకుండానే మార్చేయవచ్చు. చవకైన భాగం, పావుగంట పని. దీన్ని చూడకుండా “కంప్రెసర్ పోయింది” అని చెప్పడం ఎన్నో ఇళ్లలో చూశాను. కంప్రెసర్ మార్చాలని ఎవరన్నా ముందు కెపాసిటర్ విలువ కొలిచి చూపించమనండి, కంప్రెసర్ వైండింగ్ (లోపలి తీగచుట్ట) నిరోధం, బాడీకి ఎర్తు లీకు ఉందా లేదా కూడా కొలిచి చూపించమనండి. మీ ఎదురుగా మీటరు పెట్టి చూపడానికి నిజాయితీ ఉన్న పనివాడు సంకోచించడు.

వోల్టేజీ తక్కువైనా ఇదే మూలుగు వస్తుంది. అయితే చాలా వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పెరిగేది రాత్రి తొమ్మిది, పది గంటలకు, అందరూ ఏసీలు వేసుకున్నప్పుడు. మీది సరిగ్గా అప్పుడే బాగుంటోంది కాబట్టి వీధి సరఫరా మీద నాకు పెద్ద అనుమానం లేదు. ఇంటి లోపలి వైరింగ్ మాత్రం చూడాలి. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు ప్లగ్గు దగ్గర 225 వోల్టులు ఉండి, ఆడడం మొదలయ్యాక 200కు పడిపోతోందంటే మీటరు నుంచి ఏసీ దాకా ఎక్కడో వైరు సన్నగా ఉంది, లేదా బిగింపు వదులైంది. ఒకటిన్నర టన్నుల మామూలు ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. దానికి బోర్డు నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ ఉండాలి. గీజరు వైరు మీదే ఏసీ కూడా కలిపేస్తే కుదరదు.

ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏసీ అరగంట నడిచాక ప్లగ్గు మీద చేయి వేయండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి పెట్టలేనంతగా కాలుతుంటే, రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే, కాలిన వాసన వస్తే ఆ క్షణమే ఎంసీబీ దింపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎంసీబీ తరచూ పడుతోందని దాని బదులు పెద్ద ఆంపియర్లది వేయించుకునేవారు ఉన్నారు. వైరు తట్టుకోలేని కరెంటును ఆపడమే దాని పని. వైరు మార్చకుండా దాన్ని పెద్దది చేస్తే గోడలోని వైరు కాలుతుంది. పిల్లలు పడుకునే గదిలో అటువంటి సాహసం చేయవద్దు. యూనిట్ బాడీని ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ సరిచేయించేదాకా ఏసీ వేయకండి.

ఇప్పుడు లోపలి యూనిట్, మీ గోడ తడి. ఏసీ గాలిలోని తేమను నీరుగా మారుస్తుంది. మన కోస్తా ఉక్కలో గంటకు లీటరుకు పైగా నీరు రావడం మామూలే. అదంతా కాయిల్ కింది ట్రేలో పడి, డ్రెయిన్ పైపు ద్వారా బయటికి పోవాలి. ట్రేలో దుమ్ము, తేమ కలిసి జిగటగా, జెల్లీలా తయారై పైపు మొదట్లో అడ్డుపడుతుంది. సాయంత్రం మొదలైన నీరు నెమ్మదిగా నిండి తెల్లవారేసరికి అంచు దాటుతుంది. మీరు చెప్పిన వేళలకు ఇది సరిగ్గా సరిపోతోంది.

పరీక్షించడానికి ఫిల్టర్లు తీసి, కాయిల్ మీద గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా, విద్యుత్ భాగాలున్న కుడి పక్కకు దూరంగా పోయండి. ఎంసీబీ దింపి ఉంచండి. రెండు నిమిషాల్లో బయటి పైపు చివర ధారగా రావాలి. చుక్కలుగా వస్తే అడ్డు ఉన్నట్టు. పైపు బయటి చివరకు వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి తడి గుడ్డతో చుట్టి లాగితే చాలాసార్లు ఆ జిగట ముద్ద బయటికి వచ్చేస్తుంది. తడిని కూడా లాగగలిగే రకమైతేనే ఈ పని చేయండి. నోటితో ఊదకండి. యాసిడ్ పోయకండి, అల్యూమినియం రేకులు తినేస్తుంది. పైపు దారి పొడవునా కిందికే వాలి ఉందో లేదో చూడండి. మధ్యలో ఒక్క చోట పైకి లేచి దిగినా అక్కడ నీరు నిలుస్తుంది. ఇంకొకటి, నీళ్లు వృథా కాకూడదని చాలామంది పైపు చివరను బక్కెట్‌లో పెడతారు. మంచి పనే, కాని చివర నీటిలో మునిగితే పైపులోని గాలికి దారి లేక నీరు ఎగదన్నుతుంది. చివర ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. ఆ పైపును తిన్నగా బాత్రూమ్ మురుగు గొట్టంలో కలిపితే గదిలోకి మురుగు వాసన వస్తుంది. ఏసీ వేయగానే దుర్వాసన అంటూ వచ్చే ఫిర్యాదుల్లో దీన్నీ చూడాలి, కాయిల్‌కు పట్టిన బూజునూ చూడాలి.

నీరు కారడానికి మరో దారి మంచు. ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీదికి గాలి చాలదు, కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగి మంచు కడుతుంది, కంప్రెసర్ ఆగినప్పుడు ఆ మంచంతా ఒక్కసారి కరిగి ట్రే దాటి పోతుంది. గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది. మెకానిక్‌లు పొరబడేది, పొరబాటు పట్టించేది ఇక్కడే. తేడా తెలుసుకోవాలంటే ముందు మూత ఎత్తి టార్చి వేసి చూడండి. కాయిల్ అంతా సమానంగా తెల్లబడి, మందపాటి గొట్టం కూడా మంచు పట్టి ఉంటే గాలి చాలడం లేదు. కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు, మిగతాదంతా పొడిగా ఉండి, బయట సన్న గొట్టం వాల్వు దగ్గర తెల్లగా మంచు కడితే గ్యాస్ తగ్గిందని అనుమానించవచ్చు. మంచు ఉంటే గోకకండి, కాయిల్‌కు కన్నం పడుతుంది. ఏసీని ఫ్యాన్ మోడ్‌లో గంటసేపు వదిలేస్తే అదే కరుగుతుంది.

ఫిల్టర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వేసవిలో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టడమే. ఎవరూ చూడనిది బ్లోయర్. గాలి బయటికి వచ్చే సందులోంచి టార్చి వేస్తే పొడవాటి నల్లటి చక్రం కనిపిస్తుంది. దాని సన్నని రెక్కల లోపలి వంపు ఖాళీగా ఉండాలి. అగరుబత్తి పొగ, పౌడరు, బూరుగు దూది పరుపుల నూగు కలిసి ఆ వంపులన్నీ నిండిపోతే చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలిని తోయలేదు. ఫిల్టర్ శుభ్రంగా ఉంది, ఫ్యాను పూర్తి వేగంలో ఉంది, అయినా మంచం దాకా గాలి రావడం లేదంటే ఇదే. ఇది ఇంట్లో కడిగే పని కాదు. పీసీబీని (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డును) పాలిథిన్‌తో కప్పి, కింద సంచి కట్టి నీటి ధారతో కడిగే మనిషిని పిలవండి. సర్వీసు అంటూ ఫిల్టర్ దులిపి పైన గుడ్డతో తుడిచి వెళ్లేవారికి డబ్బు ఇవ్వకండి.

ఈ శుభ్రత అంతా అయ్యాక కొలవండి. మందుల దుకాణంలోదో వంటింటిదో చిన్న డిజిటల్ థర్మామీటరు చాలదు; గది ఉష్ణోగ్రత చూపే, తీగ చివర సెన్సర్ ఉండేది కావాలి, చవకగానే దొరుకుతుంది. కూల్ మోడ్, 18 డిగ్రీలు, ఫ్యాను పూర్తి వేగం పెట్టి తలుపులు మూసి ఇరవై నిమిషాలు ఆగండి. ఏసీ పైన గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, చల్లగాలి వచ్చే సందులో ఒకసారి కొలవండి. తేడా ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలు ఉంటే ఏసీ తన పని తాను చేస్తోంది. బాగా ఉక్కగా ఉన్న రోజున కాస్త తక్కువ రావచ్చు, ఎందుకంటే శక్తిలో కొంత తేమను తీయడానికే పోతుంది. నాలుగైదు డిగ్రీలే వస్తూ, కంప్రెసర్ ఆగకుండా ఆడుతూ ఉంటే అప్పుడు గ్యాస్ గురించి ఆలోచించాలి.

ఆ దశకు వస్తే పద్ధతి ఇది. ముందుగా లీకు. ఇండోర్, ఔట్‌డోర్ దగ్గర గొట్టాలు కలిసే ఇత్తడి ఫ్లేర్ నట్లను చూడండి. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా వస్తుంది కాబట్టి కారుతున్న నట్టు చుట్టూ జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా ఉంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. అక్కడ దొరకకపోతే గ్యాస్ మొత్తం తీసి, నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడాలి. నైట్రోజనే వాడాలి. వెల్డింగ్‌కు తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ తగిలించబోతే వెంటనే ఆపి పంపించేయండి. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలోని ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది, ప్రాణాలు పోతాయి. లీకు మూశాక వాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగి, ఔట్‌డోర్ యూనిట్ పక్కనున్న పట్టీ మీద రాసినంత గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కించాలి. గేజ్ ముల్లు చూసి అందాజుగా కొట్టడం తూకానికి సాటి రాదు. పాత ఆర్22 రకం గ్యాస్ ఒత్తిడి ఏసీ నడుస్తున్నప్పుడు 65 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది, ఆర్410ఏ, ఆర్32 రకాలైతే దాదాపు దానికి రెట్టింపు. ఒక గ్యాస్ ఏసీలో మరొకటి కలపకూడదు. మీది ఆర్32 అయితే దానికి కొంత మండే గుణం ఉంది, ఆర్290 అయితే అది ప్రొపేన్, బాగా మండుతుంది. లోపల గ్యాస్ ఉండగా మంట పెట్టి అతకనివ్వకండి, కిటికీలు తెరిచి ఉంచండి.

కాయిల్‌కే కన్నం పడితే ఆలోచించాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో, తెరిచి ఉన్న మురుగు కాలువల మీద బిగించిన యూనిట్లలో రాగిని తుప్పు త్వరగా తినేస్తుంది. అటువంటి కాయిల్‌కు ఒకచోట అతికిస్తే కొన్ని నెలల్లో పక్కనే ఇంకో కన్నం పడుతుంది. కాయిల్ మార్చే ఖర్చు కొత్త ఏసీ ధరలో సగానికి దగ్గరైతే అప్పుడు కొత్తది కొనడమే మేలు. దానికి ముందు వారంటీ కార్డు తీసి చూడండి, కొన్ని కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్ల దాకా ఇస్తున్నాయి.

ఇన్వర్టర్ ఏసీ కొన్నాక గ్యాస్ తగ్గిందేమోనని భయపడేవారు కూడా ఉంటారు కాబట్టి ఒకటి రెండు మాటలు. అందులో గది చల్లబడ్డాక కంప్రెసర్ పూర్తిగా ఆగదు, మెల్లగా తిరుగుతుంది, గాలి చల్లదనం కొంచెం తగ్గినట్టు ఉంటుంది. అది లోపం కాదు. గేజ్ అంకె కూడా వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి గ్యాస్ తక్కువ అనడం తప్పు. ఎర్రర్ కోడ్ వస్తే ఫొటో తీసి పెట్టుకోండి. బల్లులు, చీమలు ఔట్‌డోర్ పీసీబీ మీద చేరి కాల్చేయడం మన దగ్గర చాలా ఎక్కువ; వైర్లు దూరే సందులను మూయిస్తే సరిపోతుంది.

చివరిగా మీ స్లాబు. ఏసీ ఎనిమిది డిగ్రీల పైన తేడా ఇస్తూ కూడా గది చల్లబడకపోతే తప్పు యంత్రానిది కాదు. ఎండకు కాగిన స్లాబు సాయంత్రమంతా గదిలోకి వేడిని దింపుతూనే ఉంటుంది. డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. పడమటి కిటికీకి బయటి వైపున నీడ ఏర్పాటు చేస్తే లోపలి పరదాకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. 18లో పెడితే త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ. మీ రకం ఏసీ ఏ అంకెలో పెట్టినా ఒకే శక్తితో నడుస్తుంది, ఎప్పుడు ఆగాలన్నదే మారుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల్లో మొదలయ్యేలా నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు కలిసొస్తుందని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) లెక్క. 24 లేదా 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా వేసుకోండి, కంప్రెసర్‌కూ ఊపిరి తీసుకునే వీలు ఉంటుంది.

మీరు ముందు ఫిల్టర్లు, డ్రెయిన్ పైపు, ఔట్‌డోర్ యూనిట్ కడగడం పూర్తి చేయండి. పిట్టగోడకూ ఫ్యానుకూ మధ్య దూరం కొలవండి. తర్వాత క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది), కెపాసిటర్ మీటరు ఉన్న మెకానిక్‌ను మధ్యాహ్నం మూడింటికి, సమస్య కనిపించే వేళకే రమ్మనండి. ఉదయం పదింటికి వచ్చి చూస్తే ఏసీ బాగానే ఆడుతుంటుంది, వచ్చినవారికి చెప్పడానికి గ్యాస్ తప్ప ఏమీ దొరకదు. రెండు చోట్ల ఉష్ణోగ్రత, కంప్రెసర్ ఆడుతున్నప్పటి వోల్టేజీ, ఆంపియర్లు, కెపాసిటర్ విలువ, పట్టీ మీదున్న గ్యాస్ పేరు రాసి పంపితే తర్వాత ఏ భాగం చూడాలో చెబుతాను.